సీ వ్యూ సంసారం

మా తోడల్లుడు విశాఖపట్నంలో సముద్రం కొన్నాడు. ఫ్లాట్ కొన్నాడని లోకం అనుకుంటోంది కానీ బిల్డరు లెక్క వేరు. చదరపుటడుగుల ధర చదరపుటడుగులకు వేసి, 'సీ వ్యూ' పద్దు కింద బంగాళాఖాతానికి విడిగా వసూలు చేశాడు.

నేల నుంచి కప్పు దాకా అద్దాలు. తెరిస్తే ఉప్పుగాలికి టీవీ పోతుందని మూశారు. మూస్తే పొద్దుటెండకు హాలు పెనంలా కాలుతోందని మందపాటి కర్టెన్లు దించారు. కర్టెన్లు దించితే చీకటి గనక పగలే లైట్లు. ఆ లైట్ల వెలుతురులో చూడటానికి గోడకు సముద్రం ఫొటో ఒకటి తగిలించారు. బాగుంది, ఫొటోకి తుప్పు పట్టదు.

దేశాన్ని అయిదు వాతావరణ మండలాలు చేసి, మన కోస్తాను వేడీ తేమా కలిసిన మండలంలో పెట్టింది భవన నిర్మాణ నియమావళి. బ్రోచరు మాత్రం మనల్ని దుబాయ్‌లో పెట్టింది. అందుకే చూరు లేదు, కిటికీ మీద సన్‌షేడ్ లేదు, వెంటిలేటర్ అసలే లేదు. అవి ఉంటే ఎలివేషన్ చెడుతుందట! వాన జల్లు గోడని నేరుగా కొడితే మాత్రం ఎలివేషన్‌కి ఏమీ కాదు కాబోలు.

2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మావాడు రిమోట్ పట్టుకుని ఆరు మెట్లు దింపుతాడు. బయట 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న పూట, గాలిలోని ఆవిరికి 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న చోటు దొరికితే చాలు, నీరై కూర్చుంటుంది. తెల్లారి ఏసీ ఆపి తలుపు తీయగానే ఆ ఉక్కంతా పెళ్లివారిలా లోపలికొచ్చి చల్లటి గోడలకు చేరగిలబడుతుంది. మనకు ఆరిన చెమట గోడకు పడుతుందన్నమాట. వార్డ్‌రోబ్ వెనక నల్లగా బూజు. పట్టుచీరల మధ్య కలరా ఉండలు. "బావగారూ, అప్పడాలు వేయించిన అయిదు నిమిషాలకే గుడ్డపీలికలైపోతున్నాయి" అని మా మరదలి గోడు.

నెమ్ముకి మందేమిటి? పెయింటరు వచ్చి గోడకి ఇంకో ప్లాస్టిక్ తొడుగు వేసి పోయాడు. సున్నపు గోడైతే తాగిన తేమను కక్కేది. దీనికి కక్కే దారి లేక రంగు బొబ్బలెక్కి ఊడుతోంది.

పాత ఇంటి భజన చెయ్యను. మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో చూరులోంచి తేళ్లు రాలేవి. వానాకాలానికి ముందు పెంకులు సర్దించాలి, సంక్రాంతికి సున్నం కొట్టించాలి. అయితే ఆ ఇల్లు ఏడాదికి రెండుసార్లు పని అడిగేది. ఇది రెండువందల సార్లు అడుగుతుంది, బిల్లుతో సహా.

బాల్కనీ కింద పెచ్చులు ఊడుతున్నాయి. ఉప్పుచెమ్మ లోపలి ఇనుముకి చేరింది. ఇనుము తుప్పు పడితే ఒళ్లు చేసి కాంక్రీటును చీల్చుకుని బయటికొస్తుంది. అడిగితే అది 'వాతావరణం వల్ల' అన్నాడు బిల్డరు. ఆ వాతావరణాన్ని రేటు కట్టి అమ్మింది ఎవరో!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊళ్లో అద్దాల మేడల లెక్క తేల్చింది. గాజు పెంకులు ఊడ్చాం, మళ్లీ గాజే బిగించాం. ఈశాన్యంలో బరువుందని వాస్తు పండితుడు చెబితే గోడ పగలగొట్టించాడు మావాడు. గాలి ఎటునుంచి వస్తుందని మాత్రం ఎవరినీ అడగలేదు.

సాయంత్రం ఆరింటికి లిఫ్టు దిగుతాడు. స్కూటరు తీసి ఆర్కే బీచికి పోయి, గట్టు మీద చొక్కా గుండీలు విప్పుకుని కూర్చుంటాడు. ముంత మసాలా తింటూ ఎనిమిదింటి దాకా సముద్రం చూస్తాడు.