సైకిల్ బాట రొట్టె

సైకిల్ తొక్కేవాడు దగ్గరి దారి చూడడు, గుండె దడ తగ్గే దారి చూస్తాడు. ఈ ముక్క మీద అమెరికాలోని మినెటా రవాణా సంస్థ 2012లో పెద్ద నివేదికే అచ్చేసింది. అందులో భయాన్ని బట్టి రోడ్లకు నాలుగు మెట్లు కట్టారు: పిల్లలు సైతం బెదరకుండా తొక్కగల వీధి ఒకటో మెట్టు, మొండిధైర్యం ఉన్నోళ్లకే పనికొచ్చే రోడ్డు నాలుగో మెట్టు. ఆ పరిశోధకులు నెల్లూరు దాకా వచ్చుంటే ఐదో మెట్టూ కట్టేవాళ్లు: ముత్తుకూరు రోడ్డు!

కృష్ణపట్నం పోర్టు లారీ వెనక నుంచి హారన్ కొట్టగానే బడిపిల్ల సైకిల్ దిగుతుంది. చక్రాన్ని మట్టిలోకి నెట్టి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. దుమ్ము అణిగాక ఎక్కుతుంది, ఇంకో లారీ వచ్చేదాకా. ఊళ్లోకొస్తే ట్రంకు రోడ్డుకు దండం పెట్టి సందులు పట్టాల్సిందే. ఎన్ని సందులు తిరిగినా రైలు కట్ట దాటాలంటే అండర్‌బ్రిడ్జే గతి. వానొస్తే అక్కడ సైకిల్ కన్నా తెప్ప నయం.

ఆడపిల్లలకు సర్కారు సైకిళ్లు పంచింది, బాట పంచడం మరిచింది. తెలుగుదేశం పుణ్యమా అని ఓటింగ్ యంత్రం మీద సైకిల్‌కు చోటుంది, రోడ్డు మీదే లేదు.

రొట్టెల పండగకు మా నెల్లూరు స్వర్ణాల చెరువులో కోరికకో రొట్టె చొప్పున చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె మార్చుకుంటాం. ఈసారి ఎవరైనా సైకిల్ బాట రొట్టె తెస్తే ఊరంతా చెయ్యి చాపుతుంది. అధికార్లు మాత్రం అటు చూడరు. వాళ్లకెప్పుడూ ఫ్లైఓవర్ రొట్టే కావాలి!