కాయిల్ కాలిందా, మాస్టారూ?

మన ఇళ్లలోకి వచ్చే కరెంటుకు ఒక శ్రుతి ఉంది. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, మంద్రానికి మంద్రంలో, ఐదు శ్రుతికి కాస్త పైన పలుకుతుంది. అమెరికా కరెంటు 60 సార్లు ఊగుతుంది. అది ఆరున్నరకీ ఏడుకీ మధ్య నిలబడి ఎటూ తేల్చుకోలేక మూలుగుతుంటుంది. ఈ సంగీతానికి విడిగా చార్జీ వేయాలని బిల్లు కొట్టేవాళ్లకు ఇంకా తోచలేదు. నేను చెప్పానని చెప్పకండి.

నాకీ జ్ఞానం మావాడి ఎలక్ట్రిక్ గిటార్ వల్ల అబ్బింది. బీటెక్ రెండో ఏడులో మారాం చేసి కొనిపించుకున్నాడు. నాలుగో ఏడుకల్లా దాని మెడ మీద తువ్వాలు ఆరేస్తున్నాడు. ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్తూ, "నాన్నా, అది జాగ్రత్త, ఎవ్వరికీ ఇవ్వకు" అని నాకప్పగించి, తను మాత్రం తీసుకెళ్లకుండా వెళ్లాడు. పిల్లలు వదిలేసి వెళ్లిన సామాను మీద మనకు కాపలా హక్కు మాత్రమే ఉంటుందని మా ఆవిడ వాదన. అనుభవించే హక్కు కూడా ఉంటుందని నాది. పైగా కుర్రతనంలో పెళ్లి ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్ వాయించినవాణ్ణి. అప్పగింతల వేళ మేం ఎత్తుకున్న పాటకు ఆడపెళ్లివారు ఏడ్చారు. పాటకే ఏడ్చారని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఈ గిటార్‌కు మూడు సింగిల్ కాయిల్ పికప్పులు. పికప్పంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక అయస్కాంతం, తీగకొకటి చొప్పున ఆరు కడ్డీలు, వాటి చుట్టూ వేలకొద్దీ చుట్లు సన్నటి రాగితీగ. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్లో రవ్వంత కరెంటు పుడుతుంది, దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేసి పక్కింటికి పంపుతుంది. 1831లో ఫారడే చేసి చూపించింది ఇదే. ఆయన దానితో పెళ్లిళ్లకు ఒప్పుకోలేదు, అంతే తేడా.

దీని చెవి చిత్రమైన చెవి. అసలు శబ్దమే వినపడదు. మా గన్నవరంలో విమానం నెత్తిమీదుగా దిగుతుంటే ఫోన్లో అవతలివాడు "ఏంటండీ ఆ హోరు?" అంటాడు గానీ, మా గిటార్ కిక్కురుమనదు. పక్కింటావిడ గోంగూర పచ్చడికి మిక్సీ వేసిందో, గోడ అవతల నుంచి కూడా బర్రుమని చెప్పేస్తుంది. ఫ్యాను రెగ్యులేటరు మూడులో పెడితే ఏడుస్తుంది, ఐదులో పెడితే తగ్గుతుంది. ఎదురింటి బోరు స్టార్టరు పడితే "టప్" అంటుంది. మా వీధిలో ఎవరు ఏ వేళకు ఏం రుబ్బుతున్నారో, ఎవరి ట్యాంకు ఎప్పుడు నిండుతోందో నాకు గిటార్ ద్వారానే తెలిసేది. ఇన్ని తెలిశాక ఇక పాట వాయించటానికి తీరికేదీ?

ఈ రోగానికి మందు కొత్తదేం కాదు. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఒకటి బదులు రెండు కాయిళ్లు పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురు కలిపి, అయస్కాంతపు ధ్రువాలనీ ఎదురుబొదురు చేశాడు. తీగ పలికింది రెండూ కూడుకుంటాయి. కరెంటు మూలుగు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. దానికే హంబకర్ అని పేరు. ఆ రెండు కాయిళ్లనూ సన్నగా చేసి, సింగిల్ కాయిల్ పట్టే సందులోనే ఇరికించినవి కూడా దొరుకుతాయి. చెక్క కోయక్కర్లేదు, ప్లాస్టిక్ పలక అరగదీయక్కర్లేదు. పాతది పీకి, కొత్తది పెట్టి, నాలుగు టంకాలు వేయటమే.

కొనబోయే ముందు అమ్మేవాళ్ల భాష నేర్చుకోవాలి. డిమార్జియో అనే ఆయన 1972లో సూపర్ డిస్టార్షన్ పేరుతో విడిగా అమ్మకానికి పికప్ తెచ్చాడు. అప్పట్నుంచీ పికప్ మార్పిడి ఒక వ్యాపారమైంది, వ్యాపారంతో పాటు వర్ణన కూడా పెరిగింది. ఒకటి గాజులా మోగుతుందట. ఒకటి మీగడలా ఉంటుందట. ఒకదానికి కింద కండ ఉంది గానీ మధ్యలో కొద్దిగా బురద ఉందట. మా నూజివీడు రసాల గురించి వ్యాపారి ఇంత చెబితే, ముందు ఒకటి కోసి పెట్టవయ్యా అంటాం. వీటిని కోసి చూపించరు. డాలస్ నుంచి వస్తున్న మా బావమరిదికి ఫోన్ చేసి, వర్ణన తక్కువగా ఉన్నది ఒకటి పట్టుకు రమ్మన్నాను. వెళ్లేటప్పుడు అతను మోసుకెళ్లే ఆవకాయ బరువుతో పోలిస్తే ఇదేపాటి?

"పాతికేళ్ల కాపురంలో ఒక్క ఫ్యూజు వేసిన పాపాన పోలేదు. ఇప్పుడు గిటార్ విప్పుతారా?" అంది మా ఆవిడ.

క్వీన్ బ్యాండులో బ్రయాన్ మే ఉన్నాడు చూడు, అన్నాను. కుర్రాడిగా ఉన్నప్పుడు 1963లో తండ్రీ కొడుకులు ఇద్దరూ ఇంట్లోనే గిటార్ చేయటం మొదలుపెట్టారు. పాత చలిమంట గూటి చట్రం చెక్కే మెడ అయింది. మొదట్లో పికప్పులు కూడా చేత్తోనే చుట్టుకున్నాడు. ఆ గిటార్ పట్టుకునే ప్రపంచమంతా తిరిగాడు.

"వాళ్ల నాన్న ఏం చేసేవాడు?"

"ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు."

"మీరు?"

నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. సంభాషణ అక్కడితో ఆగింది.

పలక స్క్రూలు పదకొండూ విప్పి స్టీలు గిన్నెలో వేసి చూస్తే, రోగం ఒకటి కాదు రెండని తేలింది. మెడ వైపు పికప్ బొత్తిగా పలకటమే లేదు. మీటరు పెడితే ముల్లు కదల్లేదు. ఇలాంటప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలి? బెజవాడ వెళ్తే కొత్తది కొనుక్కోమంటారు. కానీ కాయిళ్ల గురించి తెలిసినవాడు మా ఊళ్లోనే ఉండగా అంత దూరం ఎందుకని, పాతవీ కొత్తదీ అన్నీ క్యారీ బ్యాగులో వేసుకుని మోటారు వైండింగ్ షాపుకు వెళ్లాను.

షాపు ముందు మామిడి తోటల నుంచి వచ్చిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా పడుకుని ఉన్నాయి. లోపల వార్నిష్ వాసన. షాపాయన స్టూలు మీద కూర్చుని, ఒక మోటారు పొట్టలోంచి కాలిన రాగిని ఉలితో కొట్టి లాగుతున్నాడు. నా చేతిలోది చూసి ఆపాడు.

"కాయిల్ కాలిందా, మాస్టారూ?"

"కాలలేదు. పలకటం లేదు."

"ఎన్ని హెచ్‌పీ?"

"హెచ్‌పీ ఉండదండీ. ఇది తిరగదు."

"తిరగని దానికి కాయిల్ ఎందుకు?"

ఫారడే దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. మధ్యలోనే తలూపి, "అయితే మన మాండలిన్ శ్రీనివాస్ గారి వాయిద్యంలో ఉన్నట్టిది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అదే మరి! పాలకొల్లు పిల్లవాడు, 1978లో తొమ్మిదేళ్ల వయసులో మన గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసినవాడు. మామూలు మాండలిన్ మీద నాదం మీటగానే చచ్చిపోతుంది, గమకం సాగదు. అందుకే ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకుని త్యాగరాజ కృతులు వాయించాడు. కరెంటుతో కర్ణాటక సంగీతం ఏమిటని మొదట్లో మొహం చిట్లించినవాళ్లే తర్వాత ముందు వరసలో కూర్చున్నారు. వీణకు కూడా ఇప్పుడు పికప్ తగిలించే వాయిస్తున్నారు చాలామంది.

"నూజివీడులో వీణలు చేసేవాళ్లున్నారు కదా, అటు తీసుకెళ్లకపోయారా?"

"వాళ్లది పనసచెక్క పనండీ. ఇది తీగ పని. మీ శాఖ."

ఆ మాటకు ఆయన ఉలి పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. ముందు పాతవాటిలో బాగున్న పికప్‌కు మీటరు పెట్టాడు. ఆరు వేల ఓములకు కాస్త తక్కువ చూపించింది. మీటరును ఒకసారి కొట్టి మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. "మా సింగిల్ ఫేజ్ మోటార్లకు నాలుగైదు ఓములు వస్తాయి. ఇదేం మొండి ఘటమండీ!" అన్నాడు. ఆయన షాపులో అన్నిటికంటే సన్నం తీగ సీలింగ్ ఫ్యానుకు చుట్టే 36 గేజు. పికప్ తీగ అందులో మూడో వంతు మందం కూడా ఉండదు. గాలికి ఎగిరిపోతుందని షాపులో టేబుల్ ఫ్యాను ఆపించాడు.

గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దం ఒకటి సొరుగులోంచి తీశాడు. కాయిల్ మీద చుట్టిన టేపు ఊడదీసి, దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. అంత బండ చేతులు అంత మెల్లగా కదలటం నేనెక్కడా చూడలేదు. చివరకు "దొరికాడు దొంగ" అన్నాడు. బయటి చివర, టంకం దగ్గరే తెగింది. కాయిల్ నిక్షేపంగా ఉంది. ఒక్క చుట్టు విప్పి, కొసకున్న ఎనామిల్ బ్లేడుతో కాదు, గోటితో గీకి, చిటికెలో టంకం పెట్టాడు. మీటరు ముల్లు లేచి నిలబడింది.

"వార్నిష్ కొట్టనా?"

వద్దన్నాను. వీటిని మైనంలో ముంచుతారు. లేకపోతే సన్నటి చుట్లు వాటంతట అవే అదిరి, గట్టిగా పెట్టినప్పుడు కీచుమంటాయి. ఎడ్డీ వాన్ హేలెన్ అంతటివాడే తన పికప్పును తనే కరిగించిన మైనంలో ముంచుకున్నాడని చెప్పాను. "మైనం వేడికి ఆగదండీ, వార్నిషే మొగుడు" అని ఆ అమెరికా ఆయన్ని ఒక్క మాటతో పక్కన పెట్టేశాడు.

అసలు గొడవ కొత్త పికప్ దగ్గర వచ్చింది. దానికి అయిదు వైర్లు: నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ, తొడుగు లేని తీగ ఒకటి. ఆయన చూపుడు వేలితో తాకుతూ చదివాడు. "ఎరుపు ఫేజు. నలుపు న్యూట్రలు. పచ్చ ఎర్తు. తెలుపు ఏంటో అడగాలి." నేను కాగితం తీసి చదివాను. అది సీమోర్ డంకన్ కంపెనీది. వాళ్ల లెక్కలో నలుపే ఫేజు. ఎరుపూ తెలుపూ ఒకదానికొకటి ముడేసి టేపు చుట్టేయాలి. పచ్చ, వట్టి తీగ కలిపి ఎర్తుకు.

ఆయన మొహం మారిపోయింది.

"నలుపులో ఫేజా? ఎవడండీ ఆ మేస్త్రి?"

డిమార్జియో వాళ్లకు ఎరుపే ఫేజని, నలుపూ తెలుపూ ముడేస్తారని చెప్పి చల్లార్చబోయాను. అది ఇంకా అన్యాయమన్నాడు. కంపెనీకో రంగైతే రేపు స్తంభం ఎక్కినవాడి గతేంటని అడిగాడు. గిటార్‌కు ఎవరూ స్తంభం ఎక్కరని నేనన్నాను గానీ, ఆ వేడిలో వినిపించుకోలేదు. డబ్బులు కూడా తీసుకోలేదు. "తిరగని దానికి ఏం తీసుకుంటాం?" అన్నాడు.

టంకం పని వైశాఖంలో పెట్టుకోకూడదని ఏ పంచాంగంలోనూ రాయలేదు, రాయాలి. తీగకు తీగ అతికించటం తేలికే. వాల్యూమ్ పాట్ వీపు మీద ఎర్తు వైరు అతికించటం ఉంది చూశారూ, అదీ పరీక్ష. అది రేకు ముక్క, వేడినంతా తాగేస్తుంది. సీసం తగరం కలిసిన టంకం 190 డిగ్రీలకల్లా కరుగుతుంది గానీ, పైన ఫ్యాను తిరుగుతుంటే అతుక్కోకుండా ముత్యంలా గుండ్రంగా నిలబడి దొర్లిపోతుంది. పాట్ వీపు ఎమెరీ కాయితంతో రుద్దాలి, ఫ్యాను ఆపాలి. గన్నవరంలో, మేలో, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను ఆపాలి. రోజిన్ పొగ కళ్లలోకి, చెమట పాట్ మీదికి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ఇదే తపస్సు ఏ దేవుడి కోసమో చేసుంటే ఈపాటికి ప్రత్యక్షమయ్యేవాడంది.

అయినా పని అయింది. తీగలు ఎక్కించక ముందే యాంప్ పెట్టి, స్క్రూడ్రైవరు కొసతో పికప్పుల మీద టకటకా కొట్టి చూస్తే మూడూ పలికాయి. తీగలెక్కించి, స్విచ్చి కొత్తది పెట్టిన బ్రిడ్జి వైపు నెట్టి వాయించాను. మూలుగు లేదు. పక్కింట్లో మిక్సీ తిరుగుతోందని గోడకు చెవి పెడితే గానీ తెలియలేదు. ఒక గంట సేపు నాకు వీధి వార్తలన్నీ బందు.

స్విచ్చి రెండో గీత మీద పెట్టినప్పుడు మాత్రం, అంటే కొత్తదీ మధ్యదీ కలిసి పలకాల్సిన చోట, గొంతు పీలగా అయిపోయింది. విడివిడిగా ఇద్దరూ ఘనులే. కలిస్తే జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడుతున్నారు. మావాడికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. బావమరిదికి చేస్తే అక్కడ అర్ధరాత్రి. షాపాయనకు చేశాను.

"ఒక్కోటి విడిగా బాగుందా?"

"బాగుంది."

"రెండూ కలిస్తే దిగిపోతోందా?"

"అవునండీ."

"ఒకటి సవ్యం, ఇంకోటి అపసవ్యం అయ్యుంటుంది. త్రీ ఫేజ్ మోటారు తిరగబడితే ఏం చేస్తాం మాస్టారూ? రెండు వైర్లు అటువి ఇటు, ఇటువి అటు. పదండి."

గిటార్ ముఖం కూడా సరిగ్గా చూడని మనిషి, మోటారు షెడ్డులో నిలబడి, ఫోన్లో చెప్పాడు. మళ్లీ పదకొండు స్క్రూలు, మళ్లీ ఫ్యాను బందు. నలుపూ పచ్చా తారుమారు చేసి, వట్టి తీగను మాత్రం ఎర్తు మీదే ఉంచి అతికించాను. రెండో గీత మీద పెడితే గంటలా పలికింది. ఆయనకు ఫోన్లోనే వినిపించాను.

"మరి ఇప్పుడు నలుపు ఎక్కడికి పోయింది?" అన్నాడు.

"ఎర్తుకు కలిసిందండీ."

"చెప్పానా? నలుపెప్పుడూ ఫేజు కాదు" అని ఎంతో తృప్తిగా ఫోన్ పెట్టేశాడు. పచ్చ ఫేజైందన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. మీరూ ఆ షాపు వైపు వెళ్తే ఎత్తకండి.