‘ఓఆర్ఆర్‌కు పది నిమిషాలు’: సటీకా తాత్పర్యము

మూలము: ఓఆర్ఆర్‌కు పది నిమిషాలు, ఇంటర్నేషనల్ స్కూలుకు కూతవేటు, ప్రతిపాదిత మెట్రోకు సమీపం, చెరువు వ్యూ, 24 గంటల నీరు, 200 గజాల్లో తూర్పు ముఖం ఇల్లు అమ్మబడును.

టీక: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు రాసినవాడు మన మెదక్ సీమ కోలాచలం మల్లినాథసూరి. అదే ఒట్టు పట్టి ఈ హైదరాబాదు శివారు ప్రకటనకు అన్వయం చెప్పబోతే మొదట్లోనే చిక్కు. అమ్మబడునది ఇల్లు. దానికి దక్కినవి గజాలూ ముఖమూ మాత్రమే. గదులెన్నో, స్లాబు ఎన్నేళ్ల నాటిదో మూలకారుడు చెప్పలేదు. మిగతా వాక్యమంతా ఊరివారి సొత్తు. వ్యాకరణంలో ఇల్లు విశేష్యం, ఇరుగుపొరుగు విశేషణం. ధరలో ఇది తలకిందులు. తనది కానిదాన్ని వర్ణించి తనదాన్ని అమ్ముకోవడమే ఈ గ్రంథం పరమార్థమని ఈ టీకాకారుడి సిద్ధాంతం.

‘పది నిమిషాలు’: నడకన అయితే కిలోమీటరు లోపు, గంటకు 60 కిలోమీటర్ల కారులో అయితే పది కిలోమీటర్లు. వాహనమేదో చెప్పలేదు కనుక వాక్యానికి ఆకాంక్ష తీరలేదు. ఓఆర్ఆర్ అన్నది 158 కిలోమీటర్ల వలయం, పైగా ఎక్కడపడితే అక్కడ ఎక్కనివ్వని రోడ్డు. ఎక్కాలంటే ఇంటర్‌చేంజ్ దాకా పోవాల్సిందే. గంగలో గొల్లపల్లె ఉందంటే ఒడ్డున ఉందని లక్షణార్థం తీసుకోమంది శాస్త్రం. ఆ పల్లెకు చల్లగాలైనా తగులుతుంది. ఇది రేవు లేని ఒడ్డు: ఆనుకునే ఇల్లున్నా డాబా ఎక్కితే కంచె అవతల లారీలు కనిపిస్తాయి, రాత్రంతా వినిపిస్తాయి, అంతే. ‘కూతవేటు’లో కూత స్కూలు బస్సు హారన్‌ది కావచ్చు. ఇక ‘ప్రతిపాదిత’. తార్కికులు అభావాలను నాలుగన్నారు. ఇంకా పుట్టని కుండది ప్రాగభావం, ఎన్నటికీ లేనిది అత్యంతాభావం. మెట్రోది మొదటిదేనని అమ్మేవాడి వాదం. రెండోది కాకూడదని కొనేవాడి మొక్కు.

పూర్వపక్షం: జాగాకు విలువ చుట్టుపక్కల వల్లే కదా, బడీ ఆసుపత్రీ లేనిచోట ఎవరు కొంటారు? నిజమే, కాదనడం లేదు. అయితే సేల్ డీడ్‌లో షెడ్యూలు తిరగేయండి. తూర్పున 30 అడుగుల రోడ్డు, మిగతా మూడు దిక్కులా ఫలానా నంబర్ల ప్లాట్లు. ఆ హద్దుల్లో మెట్రో లేదు, స్కూలు లేదు. చెరువుకూ కిటికీకీ నడుమ ఉన్న ఖాళీ ప్లాటు ఇంకొకరిది. వాళ్లు రెండంతస్తులు లేపిన నాడు వ్యూ పోతుంది, వ్యూ పేరు చెప్పి పుచ్చుకున్న సొమ్ము మాత్రం తిరిగి రాదు. అతిశయోక్తి అలంకారమే కదా, ప్రకటనకారుడికి మాత్రం చెల్లదా అంటారేమో. ప్రబంధానికి పురవర్ణన ఉండాల్సిందే. కానీ పెద్దన అరుణాస్పదపురాన్ని ఎంత పొగిడినా, అక్కడ ప్లాటుకు స్టాంపు డ్యూటీ కట్టినవాడు లేడు.

పాఠాంతరం: ‘24 గంటల నీరు’ అన్నచోట కొన్ని ప్రతుల్లో ‘మంజీరా నీరు’ అనీ, కొన్నింట ‘బోరు నీరు’ అనీ ఉంది. పాఠనిర్ణయానికి తాళపత్రాలు వెతకనక్కర్లేదు. కాలనీ ప్రహరీ మీద ఎర్ర రంగుతో నీళ్ల ట్యాంకరు వాళ్ల ఫోన్ నంబరు ఉంటుంది. ఆ అంకెల మీద ఈ ఎండాకాలం మళ్లీ రంగు వేసి ఉంటే, రెండూ కాక మూడో పాఠమే సాధువు.