చొక్కా తడవని పగ

మా ఊళ్ళో సొర అంటే పందిరి మీద కాసేది. అందుకే ఆ దీపావళి రాత్రి మారెమ్మ గుడి ముందర, అద్దె టీవీ పక్కన నిలబడి "ఇది సొరచేప పగ సాధించే కథ" అని నేను గంభీరంగా చెప్పగానే, గోనెపట్ట పరుచుకుని ముందర కూచున్న మా అవ్వ "సొరకాయకు పగేమిరా? నీళ్ళు పోయకుంటే ఎండిపోతాది, అంతే" అనింది. జనం పగలబడి నవ్వినారు. అప్పుడే బొమ్మ ఆపేసి ఉంటే నా పరువు నిలిచేది.

జవళగిరి నుంచి సముద్రం ఎంత దూరమో మాలో ఎవరూ లెక్క పెట్టలేదు. ఒకపక్క తళి, ఒకపక్క డెంకణికోట, మిగిలిందంతా అడవి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బస్సులో తమిళం. ఇంగ్లీషు మాత్రం ఏ దారినా మా ఊరు చేరలేదు. అయినా అంతకు ముందటి దీపావళికి హొసూరు నుంచి వీసీపీ అద్దెకు తెచ్చి 'జాస్' వేస్తే ఊరు ఊరంతా వణికింది. వారం రోజులు పిల్లలు చెరువులో దిగలేదు. ఆ చెరువులో ఉండేవి జానెడు చేపలు.

స్పీల్‌బర్గ్ 1975లో తీసిన ఆ సినిమాకు భాష అక్కరలేదు. రెండే రెండు స్వరాలు, మళ్ళీ మళ్ళీ, దగ్గరవుతూ. అంతే. గంట దాటితే గానీ చేప సరిగ్గా కనబడదు. ఇదంతా దర్శకుడి గొప్పతనమనుకున్నా. సగం గొప్పతనం రిపేరుదని చాలా ఏళ్ళకు చదివినాను. యంత్రంతో చేసిన ఆ సొరకు, దర్శకుడి వకీలు పేరు మీద, బ్రూస్ అని పేరు పెట్టుకున్నారట. ఉప్పునీళ్ళలో దించగానే అది మా బావి మోటారు మాదిరి మొరాయించింది. చేప లేకుండానే చేపను చూపించాల్సి వచ్చింది. పసుపుపచ్చ పీపాలు నీళ్ళ మీద కదిలితే చాలు, కింద ఉందని మనమే అనుకోవాలి.

మాకు అది కొత్త కాదు. రాగి ఎన్ను పట్టినాక మంచె మీద రాత్రి కాపలా పడుకున్నవాడిని అడగండి. బన్నేరుఘట్ట వైపు నుంచి గుంపు దిగిందని కబురొస్తుంది, ఏనుగు మాత్రం కనబడదు. అంత జంతువు నడిచొస్తా ఉంటే అడుగు చప్పుడే ఉండదు. ముందు కీచురాళ్ళు ఆగిపోతాయి. ఆనక చీకట్లో ఎక్కడో 'పర్ర్' మంటుంది, రాగి దుబ్బును వేళ్ళతో సహా పెరికిన చప్పుడు. ఆ వెంటనే టప్, టప్. వేళ్ళకున్న మట్టి రాలేదాకా దుబ్బును ముందరికాలికి కొట్టుకుంటుంది. ఎంత శుభ్రమో! ఆ టప్ టప్ మాకు జాస్ సంగీతం కంటే పాతది.

ఇంత అనుభవజ్ఞానం ఉన్న ఊరికి, మరుసటేడు నేను చందా పోగుచేసి తెచ్చింది 'జాస్: ది రివెంజ్'. వరసలో నాలుగోది. రెండూ మూడూ చూడకుండా నాలుగుకు దూకడమేమని ఒక్కరూ అడగలేదు, ఆ మాత్రం నమ్మకం నా మీద ఉండేది. ఇంటికి రెండు రూపాయలు. మా మామ ఒకటే ఇచ్చి, "మిగతాది బొమ్మ బాగుంటే ఇస్తా అల్లుడా, రాసుకో" అన్నాడు. 'బాకీ 1 రూ.' అని చిట్టాలో రాసుకున్నా.

1987లో జోసెఫ్ సార్జెంట్ తీసిన ఆ సినిమాలో, అమిటీ ఊరి సొర బ్రోడీ కుటుంబం మీద పగబట్టింది. చిన్నకొడుకును మింగింది. తల్లి దుఃఖంతో బహామాస్‌లోని పెద్దకొడుకు దగ్గరికి విమానంలో పోతే, చేప అడ్రసు కనుక్కుని ఈదుకుంటా అక్కడికీ వచ్చింది. పగబట్టే జంతువంటే మాకు నమ్మకం లేక కాదు. పాము పన్నెండేళ్ళు పగబడుతుందని నమ్మేవాళ్ళమే. కానీ పాము కూడా విమానం వెంటబడదు.

పైగా ఆ చేప అరిచింది. నీళ్ళలోంచి తల పైకెత్తి సింహం మాదిరి గర్జించింది! అవ్వ అంత నిద్రలోనూ లేచి "చేపకు గొంతెక్కడిదిరా?" అనింది. సంతలో తట్టల కొద్దీ చేపలు చూసిన మనిషి, ఒక్కటీ పలకరించలేదు పాపం.

అసలు దెబ్బ కొట్టింది మైకేల్ కెయిన్. ఆ ఏడు ఆస్కార్ గెలిచి కూడా ఈ సినిమా షూటింగులో ఉండి తీసుకోవడానికి పోలేకపోయిన మహానుభావుడు. సినిమా తాను చూడలేదనీ, ఆ డబ్బుతో కట్టిన ఇల్లు మాత్రం చూశాననీ, అది బ్రహ్మాండంగా ఉందనీ తర్వాత చెప్పుకున్నాడు. ఆయన విమానాన్ని సముద్రంలో దించుతాడు, సొర మీదపడుతుంది, ఈదుకుంటా వచ్చి పడవెక్కుతాడు. మా మామ లేచి నిలబడినాడు. "చొక్కా చూడండప్పా! తడవలేదు!" వెనక్కు తిప్పి వేయమన్నారు. వేసినాం. తడవలేదు. మూడోసారీ తడవలేదు. వాన కోసం ఏడాదంతా మబ్బు చూసే రైతులకు ఏది తడిసిందో, ఏది తడవలేదో ఇంకొకరు చెప్పాలా?

నిజానికి పగ కథ కావాలంటే మేము బహామాస్ దాకా పోవాల్సిన పనే లేదు. కెన్నెత్ ఆండర్సన్ 1954లో వేసిన వేటకథల పుస్తకంలో 'జౌలగిరి మ్యాన్ ఈటర్' అని మా ఊరి పేరుతోనే ఒక కథ ఉంది. జోడు మగపులిని తుపాకీతో కొట్టినాక మనుషుల్ని తినడం మరిగిన ఆడపులి. చివరికి ఆండర్సన్ మగపులి గొంతుతో పిలిస్తే, అది నమ్మి వచ్చింది. అక్కడ అరుపుకు ఒక అర్థముంది, చదివినప్పుడల్లా నాకు పులి మీదే జాలి.

మా బొమ్మలో ఆఖరికి చేప పేలిపోయింది, ఎందుకో తెలియదు. ఆ గర్జనలు గుడి వెనక ఇళ్ళకూ వినబడాలని సౌండు పూర్తిగా పెంచి పెట్టినాను. మంచె దిగి బొమ్మకొచ్చిన మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆ హోరులో కీచురాళ్ళు ఎప్పుడు ఆగినాయో, టప్ టప్ ఎప్పుడు మొదలయిందో ఒక్క చెవికీ పడలేదు.

తెల్లారి మామ నన్ను చేనికి పిలుచుకుపోయినాడు. తిట్టలేదు. గట్టు పక్క చేటంత అడుగు, అందులో ఊరిన నీళ్ళు, చుట్టూ వేళ్ళు శుభ్రంగా దులిపి నమిలి పారేసిన దుబ్బులు. కాసేపు చూసి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నా పేరు ముందర ఒక రూపాయి బాకీ రాసుకున్నావు కదా?"

"రాసుకున్నా మామా."

"కొట్టేయ్."