పండక్కి పిల్లలు లేని ఆశ్రమానికే వెళ్ళండి

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో, దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచో నేపాల్ వెళ్ళి, రెండు వారాలు అనాథపిల్లల మధ్య గడిపి రావాలని చూసే మనవాళ్ళు ఉన్నారు. వెంట తమ టీనేజీ పిల్లల్ని కూడా తీసుకెళ్తారు. "మావాడికి అడక్కుండానే అన్నీ అమిరిపోయాయి. లేనివాళ్ళని కళ్ళారా చూస్తే కృతజ్ఞత అంటే ఏమిటో తెలుస్తుంది" అంటారు. వాళ్ళ మనసు మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. అందుకే ఈ సలహాలు రాస్తున్నాను. చదివితే అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. ఒక్కటీ సరదాకి రాసింది కాదు.

టికెట్లు కొనేముందు ఆ ఆశ్రమానికి ఫోన్ చేసి, "దశైం పండక్కి మీ దగ్గర ఎంతమంది పిల్లలుంటారు?" అని అడగండి. "అందరూ ఉంటారండీ, మీరు రండి, బోలెడంత సందడి" అంటే వెళ్ళకండి. "ఆ రోజుల్లో ఇక్కడ దాదాపు ఎవరూ ఉండరు, ఊళ్ళకెళ్ళిపోతారు, మీరొచ్చి చేసేదేమీ లేదు" అంటే, వాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టండి.

ఎందుకో అర్థం కావాలంటే దశైం ఎలాంటి పండగో తెలియాలి. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా 15 రోజులు. మన దసరాయే, కానీ అక్కడ మన సంక్రాంతికి ఉన్నంత ఊరి పిలుపు దానికుంది. ఖాట్మండులో గోంగబు బస్ పార్కు కిక్కిరిసిపోతుంది, నగరం సగం ఖాళీ అవుతుంది. మొదటి రోజైన ఘటస్థాపన నాడు ఇసుకలో బార్లీ గింజలు చల్లి, ఎండ తగలని చీకటి గదిలో పెట్టి నీళ్ళు చిలకరిస్తారు. వెలుతురు లేదు కాబట్టి ఆ మొలకలు పచ్చగా కాక పసుపుపచ్చగా, సన్నగా, పొడుగ్గా వస్తాయి. అదే జమరా. విజయదశమి నాడు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళు పీట మీద కూర్చుని, బియ్యంలో పెరుగూ ఎర్రటి రంగూ కలిపి, ఆ ముద్దని ఒక్కొక్కరి నుదుటికి అద్దుతారు. జమరా చెవి మీదో తలలోనో పెడతారు, ఆశీర్వదిస్తారు, చేతిలో దక్షిణ పెడతారు. కొండప్రాంతాల హిందూ కుటుంబాల్లో కూతుళ్ళ కాళ్ళకి తండ్రే నమస్కారం చేస్తాడు. ఆ తర్వాత పౌర్ణమి దాకా మేనమామల ఇళ్ళు, పెదనాన్నల ఇళ్ళు తిరిగి ఆ బొట్టు (దాన్నే టీకా అంటారు) పెట్టించుకుంటూనే ఉంటారు.

ఇది బంధువుల వరస ప్రకారం నడిచే పండగ. ఆ ముద్ద నుదుటికి అద్దాల్సిన చెయ్యి ఫలానాది అని ప్రతి పిల్లకీ తెలుసు. రెండు వారాలకి వచ్చిన వాలంటీరు ఆ చెయ్యి కాలేడు.

"అనాథలకి ఊరెక్కడిది, మేనమామ ఎక్కడ?" అని మీరడగొచ్చు. అసలు సంగతి అక్కడే ఉంది. ఆ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో, చాలాసార్లు ఇద్దరూ బతికే ఉన్నారు. 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో అంతర్యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి మారుమూల కొండజిల్లాల్లోకి దళారులు వెళ్ళి, "మీ పిల్లాణ్ణి ఖాట్మండులో మంచి బడిలో చదివిస్తాం" అని చెప్పి, ఉన్నదంతా అమ్మించి డబ్బు తీసుకుని, పిల్లల్ని తీసుకొచ్చేశారు. యుద్ధంలో పిల్లలు ఏమైపోతారోనన్న భయం, చదివిద్దామన్న ఆశ, ఈ రెండూ ఆ తల్లిదండ్రుల చేత సరే అనిపించాయి. కానర్ గ్రెన్నన్ అనే అమెరికన్ యువకుడు ఖాట్మండు దగ్గర గోదావరి అనే ఊళ్ళో ఇలాంటి పిల్లల మధ్య వాలంటీరుగా పనిచేశాడు. వాళ్ళంతా అనాథలే అనుకున్నాడు. కాదని తెలిశాక ఫోటోలు పట్టుకుని హుమ్లా కొండల్లో కాలినడకన ఊరూరూ తిరిగి వాళ్ళ తల్లిదండ్రుల్ని వెతికాడు. 2006లో నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అనే సంస్థ మొదలుపెట్టాడు. ఆ సంస్థ పని పిల్లల్ని ఆశ్రమాల్లో చేర్చుకోవడం కాదు, ఇళ్ళకి చేర్చడం.

ఇంకో సంగతి చూడండి. నేపాల్‌లో పేదరికం ఎక్కువగా ఉన్నది పడమటి కొండల్లో. ఆశ్రమాలు ఎక్కువగా ఉన్నది ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, ఏనుగుల సఫారీలకి పేరుపడ్డ చిత్వన్ జిల్లాల్లో. పర్యాటకులు ఎక్కడ దిగుతారో అక్కడే. ఆకాశం తేటపడి హిమాలయాలు కనిపించే అక్టోబరు, నవంబరు నెలల్లోనే విదేశీయుల రద్దీ ఎక్కువ. దశైం, అక్కడి దీపావళి అయిన తిహార్ వచ్చేదీ అప్పుడే. అంటే ఏ రోజుల్లో పిల్లలు ఇంట్లో ఉండాలో, సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ళని చూడ్డానికి అతిథులొస్తారు. అతిథులొస్తున్నారంటే డబ్బొస్తుంది. డబ్బొచ్చే రోజుల్లో పిల్లల్ని ఇంటికి పంపేవాళ్ళెవరు?

ఇక రెండో సలహా, వినడానికి కటువుగా ఉంటుంది. గేటు దగ్గర మిమ్మల్ని చూడగానే నాలుగేళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసి, చంకెక్కి మెడ కావిలించుకుంటే మురిసిపోకండి. బెంగపెట్టుకోండి.

అమ్మానాన్నల దగ్గర పెరిగే నాలుగేళ్ళ పిల్ల ఏం చేస్తుందో మనకి తెలుసు. కొత్తవాళ్ళొస్తే అమ్మ చీరకుచ్చెళ్ళ వెనక దాక్కుని, ఒక కన్ను బయటపెట్టి చూస్తుంది. చాక్లెట్ ఇచ్చినా అమ్మ వైపు చూశాకే చెయ్యి చాపుతుంది. ఆ బిడియం ఆరోగ్యం. మనుషులు వస్తూ పోతూ ఉండే చోట, ఎవరూ నిలవని చోట పెరిగిన పిల్లల్లో ఆ బిడియం పోతుంది. దొరికిన వాళ్ళని దొరికినట్టు పట్టుకుంటారు. రొమేనియాలో చౌషెస్కూ పాలన 1989లో కూలాక అక్కడి అనాథాలయాల స్థితి లోకానికి తెలిసింది. తర్వాత బుకారెస్టులో 136 మంది పసిపిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులు, ఆశ్రమంలోనే ఉన్నవాళ్ళకన్నా పెంపుడు కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు తెలివితేటల్లోనూ అనుబంధాల్లోనూ బాగా కోలుకున్నారని చూపించారు. రెండేళ్ళ లోపే వెళ్ళిన వాళ్ళ విషయంలో మరీ ఎక్కువ. కాబట్టి ఆ కౌగిలి "మీరంటే ఇష్టం" అని చెప్పడం లేదు. నిన్నటిదాకా ఇంకెవరో ఉన్నారు, వెళ్ళిపోయారు. మీరూ రెండు వారాల తర్వాత కళ్ళనీళ్ళతో బై చెప్పి విమానమెక్కుతారు. మీ ఏడుపు మీ ఊరొచ్చేసరికి ఆగుతుంది. ఆ పిల్లకి అలా ఎన్ని అయ్యాయో లెక్క ఉండదు.

మిమ్మల్ని అనుమానించే చోటికే వెళ్ళండి. వాళ్ళు పోలీస్ క్లియరెన్స్ అడగాలి, మీరు పనిచేసిన చోట్ల వాకబు చెయ్యాలి, పిల్లలతో ఒంటరిగా ఉండటానికి వీల్లేదనాలి. డబ్బు కట్టగానే "వెల్కమ్" అన్న చోట పిల్లలకి కాపలా లేదన్నమాట. మీరు మంచివాళ్ళే, కానీ మీకు తెరిచిన గేటు మీ తర్వాత వచ్చేవాడికీ తెరుచుకుంటుంది. అమెరికా పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళకి మరో మాట: నేపాల్ టూరిస్టు వీసా మీద జీతం లేని సేవ కూడా చెయ్యకూడదు. ఆ సంగతి దాచిపెట్టి "అందరూ అలాగే వస్తారండీ" అనే సంస్థ పిల్లల కాగితాలు మాత్రం సక్రమంగా పెట్టి ఉంటుందా?

పిల్లలతో ఫోటోలు వద్దు. దీని గురించి వివరణ కూడా అనవసరం. మీ పిల్లాడి ఫోటో మీకు తెలియకుండా ఎవరో విదేశీయుడు ఫేస్‌బుక్‌లో పెడితే ఏమంటారో అదే ఇక్కడా.

బొమ్మలు, చాక్లెట్లు సూట్‌కేసు నిండా పట్టుకెళ్ళకండి. పండక్కి పిల్లలకి ఏదైనా ఇవ్వడం తప్పని నేననడం లేదు. ఎలా ఇస్తామన్నదే నా పట్టింపు. తిహార్ రోజుల్లో నేపాల్ పిల్లలు గుంపులుగా ఇంటింటికీ వెళ్ళి దేఉసీ, భైలో పాటలు పాడతారు. ఆ ఇంటిని చల్లగా ఉండమని దీవిస్తారు. ఇంటివాళ్ళు పళ్ళెంలో దీపం, బియ్యం, సెల్ రోటీ అనే బియ్యప్పిండి వంటకం, డబ్బు పెట్టి తెచ్చిస్తారు. మన దగ్గరా ఒకప్పుడు దసరాకి పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ళ చేతికి విల్లంబులిచ్చి, ఇంటింటా పద్యాలు పాడించేవారు. పిల్లలకి పప్పుబెల్లాలు, పంతులుగారికి సంభావన. రెండుచోట్లా పిల్లలు ఏదో ఇచ్చి తీసుకుంటున్నారు. పాటిచ్చారు, దీవెనిచ్చారు, హక్కుగా చెయ్యి చాపారు. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో టెడ్డీబేర్ పెట్టి "థాంక్యూ ఆంటీ" అనిపించినప్పుడు ఆ హక్కు పోతుంది.

అన్నట్టు, థాంక్యూ అసలు చెప్పించకండి. థాంక్స్‌గివింగ్ రోజున భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, ఈ ఏడాది దేనికి కృతజ్ఞులమో ఒక్కొక్కరూ చెప్పడం అమెరికా ఇళ్ళలో మంచి ఆనవాయితీ. అబ్రహాం లింకన్ 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, దేశమంతా నవంబరు ఆఖరి గురువారం ఆ పండగ జరుపుకోవాలని ప్రకటించాడు. మన తెలుగు కుటుంబాలు కూడా టర్కీ బదులు బిర్యానీ పెట్టుకుని ఆ ఆనవాయితీ పాటిస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని మాత్రం ఆశ్రమంలోకి తీసుకెళ్ళకండి. అక్కడ పిల్లలు మీ మొహం చూసి, మీరేం వినాలనుకుంటున్నారో అదే చెబుతారు. ఇల్లు దూరమైన పిల్లాడి చేత "మీరొచ్చినందుకు" అనిపించడం అన్యాయం.

మీ సొంత పిల్లల విషయంలో నేను ఇంకా పట్టుబడతాను. అక్కడ నిలబెట్టి "చూశావా, నువ్వెంత అదృష్టవంతుడివో" అని అనకండి. ఎదుటివాడి లేమిని చూపించి పుట్టించిన కృతజ్ఞత నిజానికి ఊరట మాత్రమే. "అమ్మయ్య, నేను వాడిని కాను" అన్న ఊరట. అది ఎయిర్‌పోర్టులో వైఫై తగలగానే పోతుంది. కాలేజీ అప్లికేషన్ వ్యాసంలో మాత్రం మిగులుతుంది.

కృతజ్ఞత నేర్పాలంటే పిల్లాణ్ణి ఇచ్చేవాడి స్థానంలోంచి దించి తీసుకునేవాడి స్థానంలో కూర్చోబెట్టాలి. నేపాల్‌లో ఏదో ఊళ్ళో ఒక కుటుంబం ఇంట్లో డబ్బిచ్చి అతిథిగా ఉండండి. పొద్దున్నే మీవాణ్ణి వంటింట్లో దిదీ (అక్క) పక్కన కూర్చోబెట్టి పప్పులో రాళ్ళు ఏరించండి. దాల్‌భాత్ వడ్డిస్తూ ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగి పెడుతుంది. ఆ తిన్న కంచం వాడే కడగాలి. మీ బరువు మోసిన దాయీ (అన్న) పేరు వాడికి గుర్తుండాలి. నలుగురు కలిసి నాలుగు పొడుగాటి వెదురుబొంగులు పాతి దశైం ఉయ్యాల కడుతుంటే తాడు పట్టుకోమనండి. పండగపూట ఒక్కసారైనా కాళ్ళు నేల విడవాలని అక్కడివాళ్ళ నమ్మకం, కాబట్టి వాణ్ణీ ఎక్కిస్తారు. పిల్లలతో పరిచయం అలా అవుతుంది. వాళ్ళ అమ్మలు అరుగు మీద నుంచి చూస్తుండగా, గాలిపటం దారం చిక్కులు విప్పుతూ. ఆ భాష రాని మీవాడే అక్కడ అందరికన్నా చేతకానివాడు. ఆ ఊరి పిల్లలే వాడికి నేర్పుతారు.

ఇదంతా నేపాల్ ఒక్కచోటి గొడవే కాదు. కంబోడియాలో పర్యాటకులు పెరిగినకొద్దీ ఆశ్రమాలూ పెరిగాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు, ఆశ్రమాల్ని నింపడానికి పిల్లల్ని తరలించడం కూడా ఆ బానిసత్వంలో ఒక రూపమేనని గుర్తించింది. నేపాల్ ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు: 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత కొన్ని వారాల్లోనే అది, అమ్మానాన్నలో అనుమతి ఉన్న సంరక్షకులో వెంటలేకుండా పిల్లల్ని జిల్లాలు దాటించకూడదని ఆదేశించింది. కొత్త ఆశ్రమాల నమోదూ ఆపేసింది. పుట్టినరోజుకి ఆశ్రమానికెళ్ళి కేకు కోసి, పిల్లల చేత చప్పట్లు కొట్టించే అలవాటు మన ఊళ్ళలోనూ ఉంది. దాని గురించి విడిగా రాయాల్సిందే.

ఇప్పటికే టికెట్లు కొనేశారా? అయినా వెళ్ళండి. హిమాలయాలు చూడండి, టీ కొట్లలో కూర్చోండి, డబ్బు ఆ దేశంలో ఖర్చుపెట్టండి. మీకు లెక్కలు రాయడం వచ్చా, సాఫ్ట్‌వేర్ వచ్చా, నర్సింగ్ వచ్చా? అయితే తగిన వీసా తీసుకుని, పిల్లల్ని ఇళ్ళకి చేర్చే సంస్థల ఆఫీసుల్లో పెద్దవాళ్ళకి పని నేర్పండి. పిల్లల మొహం కూడా చూడనవసరం లేదు. ఆశ్రమానికిద్దామనుకున్న చందాకి మాత్రం ఒక షరతు పెట్టండి. అది పిల్లాడికీ వాడి తోడు వచ్చేవాళ్ళకీ దశైంకి ఊరెళ్ళి రావడానికి బస్సు ఛార్జీలకి, హుమ్లా లాంటి చోటికైతే సిమికోట్ దాకా విమానం టికెట్టుకి ఖర్చవ్వాలి. ఊళ్ళో బడి ఫీజు, పుస్తకాలు, ఆ ఇంటికి ఒక పాడిగేదె, వీటికైనా సరే. ఆ షరతు ఒప్పుకోని చోట చెక్కు రాయకండి.