రాడికల్లీ గారి పెళ్లిళ్లు

ఇంగ్లీషు క్రియావిశేషణాల్లో రాడికల్లీ గారికి ఒంటరిగా ఉండే అలవాటు లేదు. డిఫరెంట్, చేంజ్, రీథింక్, ట్రాన్స్‌ఫామ్, ఎవరు ఎదురుపడితే వాళ్ల మెడలో మూడు ముళ్లూ వేసేస్తారు. అన్నగారు ఫండమెంటల్లీ మాత్రం గొప్పింటి సంబంధాలే చూసుకుంటారు. 2008 అక్టోబర్ 30న మిస్సోరీలోని కొలంబియా సభలో ఒబామా, అమెరికాను ఫండమెంటల్లీ మార్చడానికి ఇంక ఐదు రోజులే ఉన్నాయన్నారు. ఐదో రోజున జరిగింది ఎన్నిక. ఆ సభకు ఆరు వారాల ముందు, సెప్టెంబర్ 15న, లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన రోజునే, ప్రత్యర్థి మెకెయిన్ మన ఆర్థిక వ్యవస్థ ఫండమెంటల్స్ గట్టిగానే ఉన్నాయన్నారు. పునాది ఒక్కటే. ఒకాయన తవ్వి మళ్లీ కడతానంటాడు, ఇంకొకాయన అది కూలుతుంటే భేషుగ్గా ఉందంటాడు. 1929 అక్టోబర్‌లో వాల్‌స్ట్రీట్ పడిపోతున్నప్పుడు అధ్యక్షుడు హూవర్ పాడిన పాటా ఇంచుమించు ఇదే.

ఇక కంపెనీల సంగతి. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు యాపిల్ ప్రకటన: ఇది అన్నిటినీ మార్చేస్తుంది, మళ్లీ. ఆ ‘మళ్లీ’లోని నిజాయతీకి దండం పెట్టాలి. 2015లో 6ఎస్‌కైతే, మారింది ఒక్కటే, అది అన్నీ అన్నారు. పాత 6 పక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. నగరాల రూపురేఖలే మార్చేస్తుందని 2001లో ఊదరగొట్టిన సెగ్వే స్కూటర్ చివరికి మాల్ సెక్యూరిటీ గార్డుల వాహనమై, 2020లో తయారీ ఆగి, చల్లబడింది.

తెలుగునాట డెబ్బైలు, ఎనభైల్లో రాడికల్ అంటే విద్యార్థి సంఘం. ఆ పేరు చెబితే పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టేవారు. ఇప్పుడు హైటెక్ సిటీలో టై కట్టుకున్నాయన మైకు ముందు అదే మాట అంటే చప్పట్లు కొట్టి సమోసాలు పెడుతున్నారు. (విప్లవం ఎప్పటికైనా వస్తుందన్నారు గానీ, పవర్‌పాయింట్‌లో వస్తుందని ఎవరూ చెప్పలేదు.) ఇంతా చేస్తే, ఆ రాడికల్ మార్పులో లీవు అప్లికేషన్ బటన్ ఎడమ నుంచి కుడికి జరిగింది.

నిజంగా ఉద్యోగాలను కూకటివేళ్లతో పెకలించే రోజున మాత్రం ఈ అన్నదమ్ములిద్దరూ పత్తా ఉండరు. ఆ రోజు మెయిల్లోకి వచ్చేవి రైట్‌సైజింగ్, రీఅలైన్‌మెంట్ వగైరా సాధుజీవులు. మధ్యాహ్నానికి లాగిన్ పోతుంది, ఈఎంఐ మిగులుతుంది. ఇది రాడికల్ చేంజేనా అని హెచ్‌ఆర్‌ని అడిగి చూడండి.

‘అబ్బే, రొటీనేనండీ’ అంటారు.