పల్నాటి తెరపై న్యగ్రోధమృగము: ఒక ప్రొజెక్టరు ఆత్మకథ

నేను 16 మిల్లీమీటర్ల ఫిల్మును ఆడించు ప్రొజెక్టరును. పట్టణములలోని సినిమాహాళ్లలో 35 మిల్లీమీటర్ల ఫిల్మును ఆడించు మా జ్ఞాతులు ఒక్కచోట కదలక నిలిచి ప్రేక్షకులను తమకడకు రప్పించుకొనునవి కాగా, విద్యుద్దీపమునైనను ఎరుగని పల్లెలను వెదకికొనుచు పోవుటకై పుట్టినదానను నేను. ఒక మనిషి ఎత్తి మోయదగిన పెట్టెలో ఒదిగి, ప్రచారశాఖవారి వ్యానులో జెనరేటరు సరసను కూర్చుండి, నరసరావుపేట నుండి మాచెర్ల దాకను, గురజాల నుండి నల్లమల అంచుల దాకను తిరిగితిని. పంచవర్ష ప్రణాళికల చిత్రములు చూపితిని. మశూచికి టీకాలు వేయించుకొనుడని చెప్పు చిత్రములు చూపితిని. మేలైన సేద్యమును నేర్పు చిత్రములు చూపితిని. అవి యన్నియు ప్రజలకు ఉపకరించినవే. అయినను నా బ్రదుకును సార్థకము చేసిన చిత్రమేదని యెవరైన నడిగినచో, తడుముకొనక నేను చెప్పునది 1957లో బొంబాయి ఫిల్మ్స్ డివిజనువారు నిర్మించిన ‘ది బాన్యన్ డీర్’, అనగా బౌద్ధజాతకములలోని న్యగ్రోధమృగము కథ.

కార్టూను చిత్రమనగా పిల్లలను నవ్వించు వస్తువు మాత్రమేనని తలచువారు పెక్కురు. 1935లో డిస్నీ సంస్థవారు ఈసపు కథను గైకొని, తాబేలు కుందేళ్ల పందెమును బొమ్మలతో ఆడించి ఆస్కారు బహుమతి నందినప్పుడు ప్రపంచము నవ్వినది నిజమే. ఆ నవ్వును నేను తక్కువ చేయను. కాని నీతికథకు నవ్వించుట కాక మరియొక శక్తి కలదు. ఆ శక్తిని మన చిత్రకారులు తమ తొలి ప్రయత్నముననే పట్టుకొనిరి. వారికి ఈ విద్యను గరపినవాడు క్లెయిర్ వీక్స్. ఆయన అమెరికా దేశీయుడే యైనను, మిషనరీ దంపతులకు భారతదేశముననే జన్మించినవాడు; డిస్నీ సంస్థలో ‘స్నో వైట్’, ‘బాంబి’, ‘పీటర్ పాన్’ మున్నగు చిత్రములకు పనిచేసి చేయి తిరిగినవాడు. 1956లో అమెరికా సాంకేతిక సహకారముతో ఆయన బొంబాయికి వచ్చి, ఫిల్మ్స్ డివిజనులోని కార్టూను విభాగమున జి. కె. గోఖలే, రామ్ మోహన్ మున్నగువారికి శిక్షణ నొసంగెను. ‘బాంబి’ యనునది ఒక జింకపిల్ల కథ. అమెరికా అడవిలోని జింకపిల్లకు పనిచేసిన చేయి, తాను పుట్టిన నేలకు తిరిగివచ్చి, కాశీరాజు ఉద్యానములోని జింకలరాజును నడిపించుటకు తోడ్పడినది. ఈ పర్యాయము ఆదర్శముగా నిలిచినది హాలీవుడు గీత కాదు, అజంతా గుహల గోడలమీది గీత.

అట్టి చిత్రమును చేయుటలోని శ్రమను, దానిని ఆడించిన నాకంటె ఎక్కువగా ఎరిగినవారు కొందరే యుందురు. చిత్రకారుడు జింక వేసిన అడుగును కాగితముపై గీయును; దానిని మరియొకరు పారదర్శకమైన సెల్యులాయిడు పలకపైకి ఎత్తుదురు; వెనుకవైపున రంగులు నింపుదురు; చెట్లు చేమలు చిత్రించిన నేపథ్యముపై దానిని పరచి ఛాయాచిత్రము తీసి, పలకను తొలగించి, తరువాతి పలకను పరచుదురు. ఇట్లు సిద్ధమైన బొమ్మలు సెకనుకు 24 చొప్పున, నిమిషమునకు 1,440 నా దీపము ముందు నిలిచి సాగవలెను. నిలిచి సాగవలెను అని నొక్కి చెప్పుట కొక కారణము కలదు. ఫిల్ము ఎడతెగక జారిపోయినచో తెరమీద మసక తప్ప మరేమియు కానరాదు. నాలోని ఇనుపగోరు ఫిల్ము అంచునగల రంధ్రమున దూరి ఒక్కొక్క బొమ్మను క్రిందికి లాగుచుండగా, లాగునంతసేపును ఒక రెక్క వెలుతురును కప్పియుంచును. బొమ్మ కుదురుకొన్న తక్షణమే ఆ రెక్క తొలగును. నడుమనున్న చీకటిని మనుష్యుని కన్ను గుర్తింపదు. కదలని బొమ్మల వరుసను చూచి, జింక పరుగెత్తినదని అది నమ్మును.

కథ యేమనగా: కాశీరాజు బ్రహ్మదత్తునకు మృగమాంసముపై మక్కువ మెండు. ఆతని వేట మూలమున తమ పనిపాటలు చెడుచున్నవని ప్రజలు అడవిలోని జింకలనన్నిటిని రాజోద్యానమునకు తోలి తలుపులు మూసిరి. అందు న్యగ్రోధమృగము ఒక మందకును, శాఖామృగము మరియొక మందకును రాజులు. బాణములకు బెదరి, గాయపడి, పెక్కు జింకలు వృథాగా మరణించుట చూచి, దినమునకొక జింక వంతువంతున వధ్యశిలకు తానై పోవునట్లు ఆ రెండు మందలు ఒడంబడిక చేసికొనెను. ఒకనాడు వంతు శాఖామృగము మందలోని చూలి లేడికి వచ్చెను. బిడ్డ పుట్టిన పిమ్మట ఇద్దరమును వంతులు తీర్చుకొందుమని ఆమె వేడగా, తన రాజు నిరాకరించెను. ఆమె న్యగ్రోధమృగమును ఆశ్రయించెను. ఆయన మరియొక జింకను నియోగింపలేదు. తానే పోయి వధ్యశిలపై తల వాల్చెను. విస్మితుడైన రాజు ఆయనకును లేడికిని అభయ మొసగగా, తక్కిన జింకల మాటయేమి అని ఆయన అడిగెను. అవియును విడుదల పొందగా, తక్కిన చతుష్పాత్తుల మాట, పక్షుల మాట, నీటిలోని చేపల మాట ఒకదానివెనుక నొకటి అడుగుచు అన్నిటికిని అభయము సంపాదించెను.

నల్లమల అంచుననున్న యొక పల్లెలో ఈ చిత్రము ముగియగనే, ముందువరుసలో కూర్చున్న వృద్ధకర్షకుడొకడు లేచి మా ఆపరేటరును నిలదీసినాడు.

“అంతా బాగానే ఉందయ్యా, రాజుగారు జింకలకు మాటిచ్చాడు. మరి మా చేల సంగతేంది? రాత్రి వచ్చి మేసిపోతే రాజు మాకేమన్నా ఇస్తాడా?”

ఆ ప్రశ్నలో అవహేళన లేదు. అడవిప్రక్కన పైరు వేసి, మంచెలపై రాత్రులు జాగరము చేసి, దుప్పులను పందులను అదలించుకొను మనిషి బాధ కలదు. ఆపరేటరునకు జవాబు తోచలేదు. సభలోనున్న బడిపంతులుగారు లేచి, జాతకగ్రంథములో ఈ ప్రశ్నకు సమాధాన ముండనే ఉన్నదని చెప్పిరి. అభయము పొందిన జింకలు పైరులను మేయ మొదలిడగా కర్షకులు రాజుతో మొరపెట్టుకొనిరట. రాజు రాజ్యమునైన విడుతును గాని ఆడినమాట తప్పనని పలికెనట. ఆ వార్త విన్న న్యగ్రోధమృగము తన మందను చేరబిలిచి, ఇకమీదట పరుల పైరు ముట్టరాదని శాసించి, చేలకు కంచె అక్కరలేదు, గుర్తుగా ఆకులు కట్టిన చాలునని కర్షకులకు కబురంపెనట. అటుపిమ్మట ఆకులు కట్టిన చేనిని ఏ జింకయు దాటలేదని కథ. “ఆఁ, అట్టా చెప్పండి, ఇప్పుడు కుదిరింది” అని ఆ వృద్ధుడు కూర్చుండెను. ఆయన కోరిన ధర్మము నాకు నేటికిని సమంజసముగనే తోచుచున్నది. అభయమిచ్చినవానికి ఎంత బాధ్యత కలదో, పొందినవానికి అంతే కలదు. కథలోని ఈ రెండవ సగము మొదటి సగముకంటె తక్కువది కాదు.

ఇది పల్నాడు. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున 12వ శతాబ్దిలో జరిగిన యుద్ధమును వీరవిద్యావంతులు నేటికిని పాడుచుందురు. కోడిపందెముతో రాజుకొన్న పగ ఎన్ని తలలను బలిగొన్నదో ఇచ్చటి బాలురకు సైతము తెలియును. ప్రాణమునకు వెరవని వీరుని గౌరవించుట ఈ జనమునకు ఎవరును నేర్పనక్కరలేదు. కనుకనే, చంపక చచ్చుటకు సిద్ధపడిన వీరుడొకడు మృగరూపమున తెరపైకి వచ్చినప్పుడు వారు ఆయనను వెంటనే గుర్తుపట్టిరని నా నమ్మకము. బొమ్మలు వెలుతురులో ఆడుటయు వారికి క్రొత్త కాదు. తోలుబొమ్మలాటవారు తెరవెనుక దీపములుంచి రాత్రియెల్ల రామాయణము నాడించుట వారెరిగినదే. ఆ బొమ్మలలో దేవతల రూపములకు జింకతోలునే శ్రేష్ఠముగా నెంచుట ప్రాచీనాచారము. ఎన్ని జింకలు తమ చర్మములిచ్చి శ్రీరాముని ఆడించెనో! నా తెరపై జింక తన కథను తానే చెప్పుకొన్నది.

ఇంతకంటె ఆశ్చర్యమైన సంగతి మాచెర్ల చేరువలో కలదు. బొంబాయిలో ఆ చిత్రకారులు జాతకకథకు బొమ్మలు గీయుచున్న కాలముననే, నాగార్జునకొండ లోయలో డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరుపుచుండిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము నిండినచో ఆ లోయ యంతయు మునుగును గనుక, 1954 నుండి 1960 వరకు త్వరత్వరగా ఆ పని సాగినది. అది మూడవ శతాబ్ది నాటి ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. వీరపురుషదత్తుని కాలమున చాంతిసిరి యను రాజకుటుంబస్త్రీ మహాచైత్యమును కట్టించిన చోటు. ఆ లోయలోని పలకలపై శిబి కథ కలదు, మాంధాత కథ కలదు, బుద్ధుని తొలి ధర్మోపదేశమునకు గుర్తుగా జింకలు కలవు. న్యగ్రోధమృగము మెలగిన వనము ఆ ఉపదేశము జరిగిన సారనాథమేయని చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ వ్రాసియున్నాడు. ఒక కథలోని ఘట్టములను వరుసగా చెక్కి, చూచువాని కన్ను ఒకదానినుండి మరియొకదానికి నడుచునట్లు చేసిన ఆ పల్నాటి శిల్పులు చలనచిత్రకారులకు పూర్వులు కారా? వారి బొమ్మ నిలిచియుండ కన్ను కదలినది. నా కాలమున కన్ను నిలిచియుండ బొమ్మ కదలినది.

టెలివిజను వచ్చిన పిమ్మట నన్ను పిలుచువారు తగ్గిరి. నా దీపము మాడిపోయినది. రబ్బరు పట్టీలు గట్టిపడి పగిలినవి. నన్ను నరసరావుపేటలో ఒక గదిలో నుంచిరి. 2022లో ఆ నరసరావుపేటయే పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఆ యేడే ప్రభుత్వము ఫిల్మ్స్ డివిజనును జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనము చేసినది. యంత్రము మూలబడుట లోకసహజము, దానికి నేను వగవను. చిత్రము మూలబడరాదు. కావున పల్నాటి ఉపాధ్యాయులకు నా మనవి: మీ పిల్లలను విజయపురి సౌత్ రేవునుండి లాంచీపై నాగార్జునకొండ మ్యూజియమునకు తీసికొనిపోయి ఆ రాతి జాతకములను చూపుడు, తిరిగివచ్చిన పిమ్మట బడిలో న్యగ్రోధమృగమును తెరపై ఆడింపుడు, ఆకులు కట్టిన చేని కథను మాత్రము మీ నోట చెప్పుడు.